మందిరం నిండుతోంది, మాట చెల్లడం లేదు

గుంటూరులోనో విజయవాడలోనో నిలబడి చర్చి ప్రభావం తగ్గిపోయిందంటే వినేవాళ్లు వెంటనే ఒప్పుకోరు. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే గుణదల తిరునాళ్లకు లక్షల మంది కొండెక్కుతారు, వాళ్లలో హిందువులు కూడా తక్కువేం కాదు. గుంటూరు ప్రాంతంలో ఏటా జరిగే హోసన్నా మినిస్ట్రీస్ వారి గుడారాల పండుగలో పందిళ్ల కింద కూర్చునే జనాన్ని చూస్తే ఏ రాజకీయ సభా అంత నిండుగా కనిపించదు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఏ కాలనీలోకి వెళ్లినా మైకులో పాటలు, సాక్ష్యాలు వినిపిస్తాయి. పాత రాతి చర్చిలు ఎన్ని ఉన్నాయో వాటికి ఎన్నో రెట్లు రేకుల షెడ్డు మందిరాలు ఉన్నాయి. ఇంత జనం ఉంటే ప్రభావం తగ్గిందనడమేంటన్న అనుమానం సహజం.

జనం తగ్గలేదు. వాళ్ల మీద చర్చి మాటకున్న పట్టు తగ్గింది. అబ్బాయికి కట్నం తీసుకోవాలా వద్దా, ఓటుకు డబ్బు పుచ్చుకోవచ్చా, వేరే కులం అమ్మాయిని కోడలిగా ఒప్పుకోవాలా, తాగొచ్చి కొట్టే భర్తతో ఆ ఇల్లాలు ఏం చేయాలి? ఇలాంటివి ఎదురైనప్పుడు ‘పాస్టరు గారు ఏమంటారో’ అని ఆగే కుటుంబాలు అరుదైపోయాయి. ప్రార్థన మాత్రం తప్పకుండా చేయించుకుంటారు. నిర్ణయం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. చేసుకున్న నిర్ణయాన్ని దీవించమని చర్చిని అడుగుతున్నారు తప్ప, నిర్ణయం తప్పో ఒప్పో చెప్పమని అడగడం లేదు.

పాశ్చాత్య దేశాల్లో జరిగింది వేరు. అక్కడ ముందు జనమే వెళ్లిపోయారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనాభా లెక్కల్లో క్రైస్తవులమని రాయించుకున్నవాళ్లు 46.2 శాతం. సగానికి తగ్గడం అదే మొదటిసారి. అమెరికాలో ఏదో ఒక ప్రార్థనా మందిరంలో సభ్యత్వం ఉన్నవాళ్లు 2020లో 47 శాతానికి దిగారని గాలప్ సర్వే తేల్చింది. క్యాథలిక్కుల కంచుకోట అనుకున్న ఐర్లాండ్ 2015లో స్వలింగ వివాహానికి, 2018లో గర్భస్రావ హక్కుకు రిఫరెండంలో ఓటేసింది. దీని వెనుక ఉన్న పెద్ద గాయం అందరికీ తెలిసిందే. పిల్లల మీద ఫాదర్లు చేసిన అత్యాచారాలను బిషప్పులు ఏళ్ల తరబడి కప్పిపుచ్చారని 2002లో అమెరికాలోని బోస్టన్‌లో బయటపడింది, తర్వాత దేశం తర్వాత దేశంలో అదే కథ. ఇంగ్లండ్ చర్చిలో అత్యున్నత మతాధికారి అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ 2024 నవంబరులో రాజీనామా చేసింది కూడా అలాంటి ఒక కేసు విషయంలో చేయాల్సింది చేయలేదన్న విమర్శ మీదే.

మన దగ్గర ప్రసంగాల్లో తరచూ వినిపించే వివరణ ఈ పాశ్చాత్య కథకు నకలు: అంత్య దినాలు వచ్చాయి, సెల్‌ఫోన్ వచ్చింది, యువత చెడిపోయింది. ఈ వివరణ కృష్ణా, గుంటూరు జిల్లాలకు అతకదు. ఇక్కడ యువత మందిరం వదిలిపెట్టలేదు. గిటారు, కీబోర్డు పట్టుకుని ముందు వరసలోనే ఉన్నారు. కారణాలు వెతకాలంటే ఈ నేల మీద చర్చి మాట ఒకప్పుడు ఎందుకు చెల్లిందో ముందు చూడాలి.

లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరారు. వచ్చిన కొద్ది కాలానికే బడులు పెట్టారు. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో వచ్చారు. మగ డాక్టరు నాడి పట్టుకోవడానికి ఒప్పుకోని ఇళ్లలో ఆడవాళ్లు పురుళ్లలో చనిపోతున్న రోజులవి. ఆమె ఇళ్లకు వెళ్లి వైద్యం చేశారు, 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. కొత్తపేటలో ఆ ఆసుపత్రిని జనం ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. గుంటూరు ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ 1885 నాటిది. విజయవాడలో ఆంధ్ర లొయోలా 1953లో, మేరీస్ స్టెల్లా 1962లో మొదలయ్యాయి. ఇవన్నీ వలస పాలన నీడలో, విదేశీ డబ్బుతో మొదలైన పనులే అనడంలో అబద్ధం లేదు. అయినా పల్లెలో బావి దగ్గరికి రానివ్వని పిల్లవాడిని బల్ల మీద కూర్చోబెట్టి అక్షరం నేర్పింది ఆ బడే. ఆ పిల్లవాడి తండ్రికి చర్చి చెప్పే మాట మీద గురి కుదరడానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఆ మాట సుఖంగా ఉండేది కూడా కాదు. ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో బాప్తిస్టు మిషనరీ జాన్ క్లవ్ కాలంలో సంఘంలో చేరాలంటే మూడు నియమాలు పాటించాలి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కాగితం మీద చిన్నవిగా కనిపించే ఈ మూడూ ఊరి వ్యవస్థ మొత్తానికి అడ్డం తిరిగాయి. ఆదివారం పనికి రానంటే ఆసామి ఊరుకోడు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. చచ్చిన గొడ్డును తీసుకెళ్లి తినడం ‘మీ వంతు’ అని తేల్చిన చోట అది మాకొద్దనడం మామూలు విషయం కాదు. గింజలు ఆగిపోయాయి, పని ఆగిపోయింది, దెబ్బలు కూడా తిన్నారు. అయినా ఆ నియమాలు నిలబడ్డాయి. ఎందుకంటే అవి వాళ్లను ఒక మెట్టు పైకి ఎక్కించాయి. నీతి, ఆత్మగౌరవం అక్కడ ఒకే మాటగా వచ్చాయి.

1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో క్లవ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి ఇప్పించారు. ఆ కూలి ఇస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం మారారన్న మాట పడకూడదని ఆ జాగ్రత్త. కరువు పని ముగిశాక 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను నేటికీ ప్రసంగాల్లో గర్వంగా చెబుతారు. దానికి ముందు బాప్తిస్మాలు ఆపిన సంగతి చెప్పేవాళ్లు తక్కువ. చర్చి నైతిక బలం ఆ సంఖ్యలో కన్నా ఆ ఆపడంలోనే ఎక్కువగా ఉందని చెప్పాలి.

ఊళ్లో ఆ బలాన్ని మోసింది మిషనరీ దొర కాదు, పంతులు గారు. వారం రోజులూ బడిలో చదువు చెప్పి, ఆదివారం అదే పాకలో వాక్యం చెప్పే మనిషి. ఉత్తరం చదివిపెట్టేది ఆయనే, అర్జీ రాసిచ్చేది ఆయనే, మొగుడూ పెళ్లాల తగాదా తీర్చేది ఆయనే. తాగుడు మానని వాణ్ణీ, భార్యను వదిలేసిన వాణ్ణీ ప్రభు బల్ల నుంచి, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన నుంచి, ఆపేవారు. నెలకోసారి అందరూ లేచి ముందుకు వెళ్తుంటే తను కూర్చునే ఉండాల్సి రావడం ఊరంతా చూసే విషయం. ఇందులో కాఠిన్యం ఉంది, కొన్నిసార్లు అన్యాయమూ ఉంది. ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో చిన్న తప్పుకు పెద్ద శిక్ష పడిన సందర్భాలున్నాయి. కానీ తప్పు తప్పేనని ముఖం మీద చెప్పే చోటు ఒకటి ఉండేది.

ఇప్పుడు ఆ చోటు లేదు. మొదటి కారణం చాలా మామూలుది: పక్క వీధిలో ఇంకో మందిరం ఉంది. ఒక సంఘంలో పెద్దలు నిలదీస్తే మరుసటి ఆదివారం ఇంకో సంఘంలో ఆ కుటుంబానికి పూలదండతో స్వాగతం దొరుకుతుంది. ఏ పెద్ద చర్చి వ్యవస్థకూ చెందని విడి సంఘాల్లో పాస్టరు ఇంటి ఖర్చు, షెడ్డు అద్దె, సౌండ్ సిస్టమ్ ఈఎంఐ అన్నీ సభ్యుల కానుకల మీద, దశమభాగాల మీద నడుస్తాయి. నెలకు పెద్ద కవరు ఇచ్చే వ్యాపారిని అతని వడ్డీ రేటు గురించి అడగాలంటే పాస్టరుకు ఎంత టెన్షనో ఊహించవచ్చు. ఆయన్ని తప్పుపట్టడం తేలిక, ఆ పరిస్థితిలో నిలబడటం కష్టం. మెల్లగా ప్రసంగమే మారింది. పొరుగువాడితో ఎలా ఉండాలన్న సంగతి వెనక్కి వెళ్లి వీసా, ఉద్యోగం, ఆరోగ్యం, అప్పు తీరడం ముందుకొచ్చాయి. వాగ్దానం వినడానికి వచ్చినవాళ్లకు ఆజ్ఞ వినిపించడం ఎవరికీ సులువు కాదు. ఇక యూట్యూబ్‌లో బోధకుడికి తన మాట వినే మనిషి ముఖమే తెలియదు. అతను కట్నం తీసుకున్నాడో లేదో అసలే తెలియదు.

రెండో కారణం ఇంతకంటే లోతైనది. దీన్ని పాస్టర్ల తప్పుగా చూడటం అన్యాయం. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది. క్రైస్తవంలోకి మారిన దళితులకు ఇప్పటికీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ–సి కిందకు వస్తారు, అక్కడ రిజర్వేషన్ 1 శాతం. ఫలితం జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో 4 శాతం దాటి ఉన్న క్రైస్తవులు 2011 నాటికి 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలోనే మందిరాలు పల్లె పల్లెకూ పెరిగాయి. రెండూ నిజమే. కారణం కులం సర్టిఫికెట్.

ఒక ఇంట్లో ఇది ఎలా ఉంటుందో చూడాలి. పాపకు సంఘంలో పెట్టిన పేరు ఒకటి, బడి రిజిస్టరులో రాయించిన పేరు ఇంకొకటి. సర్టిఫికెట్ విచారణకు వీఆర్వో వస్తాడంటే గోడ మీది వాక్యం క్యాలెండరు లోపలికి వెళుతుంది. పెళ్లి మందిరంలో జరిగినా శుభలేఖలు రెండు రకాలుగా అచ్చవుతాయి. కూలి చేసుకునే తల్లిదండ్రులు పిల్లల చదువు కోసం, ఉద్యోగం కోసం ఇలా చేస్తే వాళ్లను అబద్ధాలకోరులనడానికి మనసు ఒప్పదు. అంటరానితనం బాప్తిస్మం నీళ్లతో పోలేదని చట్టం తప్ప ఊరంతా ఒప్పుకుంటుంది. కానీ దీని పర్యవసానం చర్చి గొంతు మీద పడింది. తన సభ్యులు ఫలానా వాళ్లని బయటికి చెప్పలేని సంస్థ ఆ సభ్యుల తరఫున ఎలా మాట్లాడుతుంది? నిజమే చెప్పండని వేదిక మీది నుంచి బోధించే పాస్టరుకు ఎదురుగా కూర్చున్నవాళ్ల కాగితాల్లో ఏముందో తెలుసు. కొన్నిసార్లు తన కాగితాల్లో ఏముందో కూడా తెలుసు. క్రైస్తవంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చాక ఈ భయం ఇంకా ముదిరింది. క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. సుప్రీంకోర్టులో 2004 నుంచి పిటిషన్లు నడిచాయి. 2022లో కేంద్రం ఈ విషయం పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023 మార్చిలో రాష్ట్ర అసెంబ్లీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. ఇన్నేళ్లుగా ఒక తరం తర్వాత ఒక తరం దాక్కునే బతుకుతోంది.

నైతిక నాయకత్వం చర్చి చేతి నుంచి జారిన సందర్భం ఒకటి చెప్పమంటే కారంచేడు చెప్పాలి. 1985 జులై 17న అక్కడ ఆరుగురు దళితులను చంపారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయిన జనానికి చీరాలలో చర్చి ఆవరణే ఆశ్రయం ఇచ్చింది. అది చిన్న విషయం కాదు. కానీ ఆ జనం తరఫున రాష్ట్రమంతా వినేలా మాట్లాడింది కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందుండి నడిపిన దళిత మహాసభ. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడూ పోరాటం ఆ బాటలోనే సాగింది. చోటు చర్చిది, మాట ఉద్యమానిది. పాతికేళ్ల కుర్రవాడికి తన గౌరవం కోసం ఎవరు నిలబడ్డారన్నది అప్పుడే అర్థమైపోయింది.

తాగుడు విషయంలోనూ అంతే. వందేళ్ల పాటు సారాకు వ్యతిరేకంగా బోధించింది చర్చి. సారా దుకాణాలు మూయించింది మాత్రం 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లు. 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం దాకా వెళ్లింది ఆ ఉద్యమం. రాత్రి బడిలో పలక పట్టుకున్న ఆడవాళ్లు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఒకప్పుడు మిషను బడి చేసిన పని సరిగ్గా అదే.

మిషను బడులు, ఆసుపత్రుల సంగతి ఇక్కడ క్లుప్తంగా చెబితే చాలు. విజయవాడ, గుంటూరు కార్పొరేట్ కాలేజీలకు, కార్పొరేట్ ఆసుపత్రులకు కేంద్రాలయ్యాయి. పాత మిషను బడుల్లో చాలా వాటికి విదేశీ నిధులు ఆగాయి, ఎయిడెడ్ పోస్టులు భర్తీ కాలేదు. బాగా నడుస్తున్న కాన్వెంటుల్లో ఫీజులు సామాన్యులకు అందవు. ఇక నగరం నడిబొడ్డున ఉన్న స్థలాల మీద తగాదాలు, సంఘ ఎన్నికల మీద కేసులు. అన్నదమ్ముల్లా ఉండమని చెప్పే పెద్దలే కోర్టు వరండాలో ఒకరికి ఎదురుగా ఒకరు నిలబడితే విశ్వాసి మనసులో ఏదో తెగిపోతుంది.

కులం దగ్గరికి వస్తే మాట మరీ పలచబడుతుంది. ఈ ప్రాంతంలో లూథరన్లంటే ఎక్కువగా మాలలు, బాప్తిస్టులంటే ఎక్కువగా మాదిగలు, క్యాథలిక్కుల్లో రెడ్లు, కమ్మలు కూడా అన్న లెక్క అందరికీ తెలుసు. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ‘క్రిస్టియన్’ పక్కనే కులం పేరు ఉంటుంది. క్యాథలిక్ సంఘంలో దళితులు సంఖ్యలో ఎక్కువే అయినా, విజయవాడ బిషప్‌గా పనిచేసిన మరంపూడి జోజి 2000లో హైదరాబాద్ ఆర్చిబిషప్ అయ్యేదాకా దేశంలో దళిత ఆర్చిబిషప్ లేరు. పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యేదాకా దళిత కార్డినల్ లేరు. ఈ రెండు నియామకాలూ తెలుగు నేల నుంచే జరిగినందుకు సంతోషించాల్సిందే. ఇంతకాలం ఎందుకు పట్టిందన్న ప్రశ్న కూడా అడగాల్సిందే. ఆడవాళ్ల విషయంలోనూ ఇదే అడగాలి. కూర్చున్నవాళ్లలో సగానికి పైగా వాళ్లే, ఉపవాస ప్రార్థనలు నడిపేది వాళ్లే, ఇల్లిల్లూ తిరిగి సువార్త చెప్పిన బైబిల్ స్త్రీలు వాళ్లే. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో తొలి మహిళా బిషప్‌గా 2013లో నంద్యాలకు పుష్ప లలిత గారు వచ్చారు. విడి సంఘాల్లో మాత్రం ఆడవాళ్లకు పెద్దరికం ఇచ్చినవి వెతికితే గానీ దొరకవు.

రాజకీయాల దగ్గర చర్చి గొంతు ఇంకా తగ్గింది. ఎన్నికలు దగ్గరపడితే పాస్టర్ల సమావేశాలు పెట్టని పార్టీ లేదు. డిసెంబరులో సెమీ క్రిస్మస్ వేదికల మీద నాయకులతో కేకు కోయించి ప్రార్థన చేస్తారు. 2021 నుంచి పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పథకం వచ్చింది. ఊళ్లో పేద పాస్టరు ఇంటికి ఆ డబ్బు ఎంత ఆసరానో తెలిసినవాళ్లు దాన్ని తప్పుపట్టలేరు. అర్చకులకు, ఇమాములకు ఇస్తున్నప్పుడు వాళ్లకూ ఇవ్వాలన్నది న్యాయమే. అయినా బిల్లు ఎప్పుడు పడుతుందోనని ఎదురుచూసే స్థితిలో ఇసుక గురించో, ఇళ్ల పట్టాల గురించో, ఓటుకు నోటు గురించో ఆ ఊరి నాయకుణ్ణి గట్టిగా అడగడం సాధ్యమా?

మాట ఇంకా చెల్లుతున్న చోట్లు ఉన్నాయి, వాటిని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బాపట్లలో కుష్ఠు రోగుల కోసం సాల్వేషన్ ఆర్మీ పెట్టిన ఆసుపత్రి, విజయవాడలో మదర్ థెరెసా సిస్టర్లు నడిపే నిర్మల్ హృదయ్ భవన్ గురించి ఏ మతం వాళ్లూ చులకనగా మాట్లాడరు. అయినవాళ్లు వదిలేసిన వాళ్లకు అక్కడ ఒళ్లు కడిగి అన్నం పెడతారు. అక్కడి సిస్టర్ ఎవరినైనా ఒక మాట అడిగితే ఆమె ముందు ఎదురు చెప్పడానికి నోరు రాదు. క్లవ్ కరువులో చేసినదీ, కుగ్లర్ గుంటూరులో చేసినదీ ఈ కోవలోదే. ఇంకెవరూ చేయని పని చేసినవాళ్లకు మాట్లాడే హక్కు దానంతటదే వచ్చింది.

ప్రతి సంఘానికీ ఆసుపత్రి కట్టడం సాధ్యం కాదు. కానీ ఏ సంఘమైనా చేయగలిగింది ఒకటి ఉంది. పాత సంఘాల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ, ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవాళ్లు తెలియజేయమని అడుగుతారు. ఇంతకుముందు పెళ్లయిందా, వయసు చాలిందా అన్నవే అక్కడ అభ్యంతరాలు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఇన్నేళ్లలో ఆ ప్రకటన ఫారంలో కట్నం గురించి ఒక్క గడి చేరలేదు. ఎంత ఇస్తున్నారో, కారు ఏ మోడలో, పొలం ఎన్ని సెంట్లో ఊరందరికీ తెలిసిన పెళ్లికి పాస్టరు గారే వచ్చి ఆశీర్వదిస్తున్నారు. ఆ గడి చేర్చి, రెండు వైపుల వాళ్ల సంతకం తీసుకుని, అబద్ధమని తేలితే పెళ్లి చేయనని ఒక పాస్టరు ఒంటరిగా అంటే ఆ కుటుంబం పక్క మందిరానికి పోతుంది, కానుకలూ పోతాయి. అందుకే ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇప్పుడు ప్రతి మండలంలోనూ పాస్టర్ల ఫెలోషిప్‌లు ఉన్నాయి. క్రిస్మస్ ర్యాలీకి, అనుమతుల కోసం కలెక్టరును కలవడానికి డినామినేషన్ తేడా లేకుండా అందరూ కలుస్తున్నారు. గుంటూరులోనో విజయవాడలోనో అలాంటి ఫెలోషిప్ ఒకటి కూర్చుని, కట్నం తీసుకున్న పెళ్లి మాలో ఎవరమూ చేయమని తీర్మానం చేసి ఒక ఏడాది దాని మీద నిలబడితే, వాళ్ల మాటకు ఇంకా ఎంత విలువ మిగిలుందో మొదటి పెళ్లిళ్ల సీజనులోనే తేలిపోతుంది.